పలకని రిమోట్

రిమోట్ భేషుగ్గా పనిచేస్తోంది. వచ్చిన తంటా అంతా అదే.

ఇన్‌స్పెక్టర్ మేడమీద బాల్కనీలో నిలబడి బటన్ నొక్కాడు. కింద వీధిలో ఉన్న నీలం కారు కుయ్యిమంటూ దీపాలు వెలిగించి ఆర్పింది. ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి కుయ్యిమంది. మూడోసారి నొక్కేటప్పుడు ఆయన కారువైపు చూడనే లేదు. హాల్లో కుర్చీ అంచున ముడుచుకుని కూర్చున్న కోడలి ముఖంలోకి చూశాడు.

"నిన్న సాయంత్రం ఇది పనిచెయ్యలేదన్నావు కదమ్మా?"

"చెయ్యలేదండీ," అంది కోడలు. రాత్రంతా ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది.

"ఇవాళ చేస్తోందే?"

"అదే నాకూ అర్థం కావడం లేదండీ."

"నాకు అర్థమైంది," అని ఇన్‌స్పెక్టర్ చిటికె వేశాడు.

ఆ చిటికే ఆయన పేరైపోయింది. ఏ కేసైనా చిటికెలో తేల్చేస్తానని నలుగురిలో చెప్పుకుని, చెప్పిన ప్రతిసారీ వేళ్ళతో చప్పుడు చేసి చూపించేవాడు. దాంతో డిపార్టుమెంటు మొత్తానికీ ఆయన చిటికె అయ్యాడు. ఎదురు కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్న ప్రైవేటు డిటెక్టివ్‌కు మాత్రం పేరు పెట్టింది చిటికే. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒక్కో సాక్షినీ పదేసి ప్రశ్నలడిగి పై అధికారుల ప్రాణం తీసేదని ఆమెకు నిదానం అని తగిలించాడు. ఆమె ఉద్యోగం వదిలేసినా పేరు ఆమెను వదల్లేదు. ఆమె కూడా దాన్ని వదిలించుకోవాలని చూడలేదు, తలుపు మీద బోర్డు కూడా ఆ పేరుతోనే పెట్టుకుంది.

"మధ్యాహ్నం దాకా ఆగమన్నారు, ఆగుతున్నాను నిదానం గారూ," అన్నాడు చిటికె. "పాత స్నేహం కొద్దీ. భోజనాల వేళకు ఈమెను స్టేషనుకు తీసుకెళ్ళిపోతాను. ఇందులో అరటిపండు ఒలిచినట్టు ఒలిచి చెప్పడానికి కూడా ఏమీ లేదు. ముసలాయన్ని తోసింది. కిందికి దిగింది. కారు తెరుచుకోవడం లేదని నాటకమాడి నలుగుర్నీ పోగేసి సాక్ష్యం చేసుకుంది. తాళం మాత్రం నిక్షేపంలా ఉంది."

కోడలు తల ఇంకా కిందికి వాలిపోయింది. ఆమెకు భర్త పోయి మూడేళ్ళు. పుట్టింటివాళ్ళు వచ్చేయమన్నా వెళ్ళకుండా మామగారి దగ్గరే ఉండిపోయింది. కళ్ళజోళ్ళ దుకాణంలో సాయంత్రం పూట ఉద్యోగం. నిన్న డ్యూటీకని దిగిన మనిషి కారుతో కుస్తీ పడుతుండగా, మామగారి మేనల్లుడు ఇదే బాల్కనీలోంచి కేకలు పెట్టాడు. పక్క గదిలో మామగారు తల వెనక పగిలి స్పృహ లేకుండా పడి ఉన్నారు. ఆస్పత్రిలో చేర్చి రాత్రి గడిచినా ఆయన కళ్ళు తెరవలేదు. ఆయన లేచి చెబితే తప్ప తన మాట నమ్మేవాళ్ళు ఈ లోకంలో లేరని కోడలికి తెలుసు.

నిజానికి ఒకడు నమ్మాడు. గుమ్మం దగ్గర ఒంటికాలి మీద లేవడానికి సిద్ధంగా ఉన్న కారు మెకానిక్కు వాడే. డిటెక్టివ్‌ను పిలిపించింది కూడా వాడే.

"నేను రిమోట్‌లో సెల్లు తిరగేసి పెట్టానట మేడం!" అన్నాడు వాడు. "ఈ సారు రాత్రి స్టేషన్లో పదిమంది ముందు అన్నారు. అయితే నేను ఈ అమ్మతో కుమ్మక్కన్నా అయి ఉండాలట, లేకపోతే పని రాని దద్దమ్మనన్నా అయి ఉండాలట. మీ బండి ఎన్నేళ్ళుగా చూస్తున్నాను, మీరు చెప్పండి, నేను దద్దమ్మనా?"

"బ్రేకులు ఒకసారి బిగుసుకుపోయాయి," అంది నిదానం. "అది వేరే సంగతి. కూర్చో. మొదటినుంచీ చెప్పు. వచ్చీరాగానే ఏం చేశావు?"

"రిమోట్ మీద బుల్లి దీపం ఉంటుంది కదా, నొక్కితే వెలుగుతోందా అని చూశాను. వెలిగింది. అయినా సెల్లు నీరసించిందేమోనని కొత్తది వేశాను. లోపల రేకులు తుడిచాను. నొక్కితే కారు ఉలకలేదు, పలకలేదు."

"తర్వాత?"

"డోరుకు ఆనించి నొక్కాను. ఊహూ. కారు బ్యాటరీయే పోయిందేమో అనుకుని అద్దంలోంచి చూస్తే లోపల గడియారం వెలుగుతోంది. స్పేర్ రిమోట్ తెమ్మంటే దుకాణంలో ఉందంది. ఇక రిమోట్ కడుపులో ఇనప తాళంచెవి దాచి ఉంటుంది కదా, దాన్ని లాగి డోరు తీశాను. తీస్తే ఏముంది, అలారం! రిమోట్ కబురు అందకుండా డోరు తెరుచుకుంటే దొంగ పడ్డాడనుకుంటుంది మరి. వీధి వీధంతా బయటికొచ్చింది. ఎంత నొక్కినా నోరు మూయదే! చివరికి బానెట్ ఎత్తి బ్యాటరీ వైరు పీకాను."

"మళ్ళీ ఎప్పుడు పలికింది?"

"పెద్దాయన్ని స్ట్రెచర్ మీద కిందికి తెచ్చారు. ఈ అమ్మ ఏడుస్తూ అంబులెన్సు ఎక్కేసింది. కారును అలా గాలికి వదిలేయలేక వైరు తగిలించి ఊరికే ఒకసారి నొక్కాను. కుయ్యిమంది."

"నువ్వేం మార్చలేదు?"

"ఒట్టు. అదే సెల్లు, అదే రిమోట్."

"అంటే పెద్దాయన పైన పడి ఉన్నంతసేపూ పలకలేదు. ఆయన్ని ఎత్తాక పలికింది."

చిటికె నవ్వాడు. "ఆయన్ని ఎత్తాక చంద్రుడు కూడా వచ్చాడండీ. అదీ రాసుకోండి."

నిదానం రాసుకోలేదు. ఆమెకు రాసుకునే అలవాటు లేదు. లేచి వెళ్ళి కోడలి పక్కన కూర్చుంది.

"చూడమ్మా, నేను కంగారుపెట్టను. ఇంట్లోంచి బయల్దేరి నేరుగా కారు దగ్గరికే వెళ్ళావా?"

"లేదండీ. ముందు వీధి మూలనున్న దర్జీ దగ్గరికి వెళ్ళాను. దుకాణంలో వేసుకునే తెల్ల కోటు కుట్టించాను, అది తీసుకుని వచ్చాను. వచ్చి నొక్కితే తెరుచుకోలేదు."

"పైకి వచ్చి మామగారికి చెప్పలేదే?"

"చెబితే కంగారుపడి మెట్లు దిగుతారు. మోకాళ్ళు సరిగా లేవు ఆయనకి. ఎందుకులే అని మెకానిక్కుకు ఫోన్ చేశాను. ఇల్లు తెలియదంటే వీధి చివరిదాకా వెళ్ళి తీసుకొచ్చాను."

నిదానం బాల్కనీలోకి వెళ్ళి పక్కింటివైపు చూసింది. పక్కింటి మాస్టారు అప్పటికే పిట్టగోడ మీద మోచేతులు ఆనించి, ఈ ఇంట్లో మాటలన్నీ శ్రద్ధగా వింటున్నారు. దొరికిపోయినందుకు ఆయన కాస్తయినా సిగ్గుపడలేదు.

"మాస్టారూ, మీ గేటు రిమోట్‌తో తెరుచుకుంటుంది కదా? నిన్న సాయంత్రం అదేమైనా పేచీ పెట్టిందా?"

మాస్టారి ముఖం వెలిగిపోయింది. "ఎవరు చెప్పారు మీకు? మా ఆవిడ చెప్పిందా? సెల్లు మార్చమని వారంనుంచీ చెబుతున్నాను ఆవిడకి!"

"నేనెందుకు మారుస్తాను, గేటు మీదా నాదా?" అని లోపలినుంచి ఒక గొంతు వినబడింది.

"బయటినుంచి వచ్చేటప్పుడు బాగానే తెరుచుకుందండీ," అన్నారు మాస్టారు గొంతు తగ్గించి. "వీధిలోకి తిరుగుతుంటే ఈ అమ్మాయి దర్జీ కొట్లో కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటోంది. నన్ను చూసి తల ఊపింది కూడా. స్కూటర్ లోపల పెట్టి, మంచినీళ్ళు తాగి, మందులు మరిచిపోయానని మళ్ళీ బయల్దేరితే గేటు మొండికేసింది. లోపలే ఇరుక్కుపోయాను. రాత్రి అంబులెన్సు పోయాక మాత్రం తెరుచుకుంది. మా ఆవిడే సెల్లు మార్చి, మార్చలేదని బుకాయిస్తోందనుకున్నాను."

"నేను మార్చలేదు!"

"పాపం, నిజమేనండీ, ఆవిడ మార్చలేదు," అంది నిదానం. లోపలికి వచ్చి చిటికె ముందు నిలబడింది. "ఒక కారు, ఒక గేటు. రెండూ ఒకేసారి మొండికేశాయి, ఒకేసారి దారికొచ్చాయి. పాడైంది రిమోట్ కాదు చిటికె గారూ. రిమోట్ మాట కారుదాకా పోలేదు. పదిమంది ఉన్నచోట ఒకడు ఆపకుండా కేకలు వేస్తుంటే పక్కవాడు పిలిచినా వినబడదు చూశారా, అలాగన్నమాట. ఇక్కడ ఏదో ఒక వస్తువు గాల్లో ఆపకుండా అరిచింది."

"వస్తువు అరిచిందా? సరే, దాన్నే అరెస్టు చేద్దాం."

నిదానం ఆ వెటకారాన్ని చెవిన వేసుకోలేదు. "అమ్మా, ఈ ఇంట్లో వైరు లేకుండా పనిచేసే వస్తువులేమున్నాయి?"

కోడలు ఆలోచించింది. "టీవీ రిమోట్... ఇంకేముందండీ... ఆఁ, మామయ్య బెల్లు. ఆయన దగ్గర బటన్ ఉంటుంది, ఎప్పుడూ చొక్కా జేబులోనే. ఏం కావాలన్నా నొక్కుతారు. మోగే పెట్టె వంటింట్లో ప్లగ్గుకు ఉంటుంది."

అందరూ వంటింట్లోకి నడిచారు. పొయ్యి పక్కన ప్లగ్గు ఖాళీగా ఉంది. కోడలు దాన్ని చూసి ఆగిపోయింది. గట్టు మీద చూసింది, కింద చూసింది. నిదానం ఒక్కో సొరుగూ లాగుతూ పోయింది. చేతిగుడ్డలు మడిచి పెట్టిన అట్టడుగు సొరుగులో, గుడ్డల కింద తెల్లటి ప్లాస్టిక్ పెట్టె దొరికింది.

"ఇదిక్కడికి ఎలా వచ్చింది?" అంది కోడలు. "నేను దీన్ని ఎప్పుడూ తియ్యనండీ. మిక్సీ పెట్టుకోవాలన్నా హాల్లోకి తీసుకెళ్తాను. ఇది తీస్తే ఆయన పిలిచినా తెలియదు కదండీ!"

"అందుకే తీశావు," అన్నాడు చిటికె. "ఆయన పిలిచినా ఎవరికీ వినబడకూడదని."

కోడలు గోడకు ఆనుకుని నిలబడిపోయింది. నిదానానికి చిటికె మీద ఒళ్ళు మండింది.

"మీరు ఒక్క క్షణం ఆ వేళ్ళు జేబులో పెట్టుకోండి," అంది. "వీధిలోకి వెళ్ళిపోయే మనిషికి పెట్టె దాచే అవసరం ఏముంది? మోగితే వినడానికి ఇంట్లో ఎవరున్నారు? మోగుతున్నప్పుడు ఇక్కడే ఉండి, ఆ మోత భరించలేనివాడే పీకుతాడు."

చిటికె ఖాళీ ప్లగ్గును ఓసారి తట్టి చూశాడు.

ఆమె మామగారి గదిలోకి వెళ్ళింది. ఇనప మంచం, గోడవారన బీరువా, కిటికీ పక్కన వాలుకుర్చీ. బీరువా మూల మీద నెత్తురు ఎండి నల్లబడి ఉంది. దాని ముందు నేలమీద సుద్దముక్కతో మనిషి ఆకారం గీసి ఉంది.

"వెల్లకిలా పడ్డాడా?"

"తల వెనక బీరువాకు కొట్టుకుంది. మోకాళ్ళు మడిచి బోర్లా జారిపోయాడు," అన్నాడు చిటికె ముక్తసరిగా. "అంబులెన్సువాళ్ళు వచ్చేదాకా ఎవరూ కదపలేదు. మేనల్లుడే కదపొద్దన్నాడు."

"ఒంటిమీద ఇంకేమైనా దెబ్బలున్నాయా?"

"ఎడమ రొమ్ము మీద గుండ్రంగా కమిలిన మచ్చ ఉందని డాక్టరు అన్నాడు. కుర్చీ బొడిపె ఏదో గుచ్చుకుని ఉంటుంది."

"ఆయన జేబులో వస్తువులు?"

చిటికె విసుక్కుంటూ సంచిలోంచి సీలు వేసిన కవరు తీసి, సంతకం పెట్టి చింపాడు. కళ్ళజోడు, చేతిరుమాలు, రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్దదిగా గుండ్రటి బటన్. నిదానం బటన్‌ను అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనబడింది.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. ఆమె బటన్‌ను గుప్పిట్లో దాచేసింది.

వచ్చింది మేనల్లుడు. కింది గదిలో నేలకు పరిచే టైల్స్ సరుకు నిల్వ పెట్టుకుని వ్యాపారం చేస్తాడు. చేతిలో ఆస్పత్రినుంచి తెచ్చిన ఖాళీ ఫ్లాస్కు ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, గడ్డం మాసి ఉంది. చూసినవాళ్ళకు జాలి పుట్టేలా ఉన్నాడు.

"మామయ్య ఇంకా కళ్ళు తెరవలేదండీ," అన్నాడు. కోడలివైపు చూసి తల తిప్పుకున్నాడు. "అక్కయ్యను ఇలా చూడాల్సి వస్తుందనుకోలేదు. ఆయనకేదైనా కోపం వచ్చి ఓ మాట అంటే ఓర్చుకోవాల్సింది."

"మీరు బాగా అలిసిపోయారు, ఎక్కువసేపు ఆపను," అంది నిదానం. "నిన్న మీరు వచ్చింది ఎప్పుడు?"

"కారు అలారం మోగుతున్నప్పుడండీ. వీధంతా గుమిగూడి ఉంది. మలుపులో మాస్టారి గోడ పక్కన కారు ఆపి, గుంపును తప్పించుకుని పైకొచ్చాను. చూస్తే మామయ్య ఇలా..." అతను గొంతు సవరించుకున్నాడు.

"అప్పటికే పడి ఉన్నారా?"

"పడి ఉన్నారు. ఉలుకూ పలుకూ లేదు. వెంటనే బాల్కనీలోంచి కేకేశాను, అంబులెన్సుకు ఫోన్ చేశాను."

"మంచిపని చేశారు. కారుకు తాళం వేసే వచ్చారు కదా?"

ఆ ప్రశ్నకు చిటికె కనుబొమలు ముడిపడ్డాయి. మేనల్లుడికి మాత్రం అది నచ్చింది. "వెయ్యకుండా ఎలా వదిలేస్తానండీ?"

"తాళంచెవితోనా, రిమోట్‌తోనా?"

"రిమోట్‌తోనే. ఒక్క నొక్కుకు పడింది. నాకూ అదే అంతుపట్టడం లేదు. అదే వీధి, అదే సమయం. నాది బాగానే పనిచేసింది, అక్కయ్యదే ఎందుకు పనిచెయ్యలేదో ఆవిడకే తెలియాలి."

"ఖాయంగా పడిందా? ఆ గోలలో సరిగా గమనించారో లేదో అని అడుగుతున్నాను."

"అంబులెన్సు డ్రైవర్ని అడగండి! మలుపు దగ్గర సందు చాలక అవస్థ పడ్డాడు. నా కారు పక్కద్దాలు ముడుచుకుని ఉన్నాయి కాబట్టి సరిపోయిందన్నాడు. రిమోట్‌తో తాళం పడితేనే అవి ముడుచుకునేది."

"డ్రైవరు అన్నాడు," అన్నాడు చిటికె. "వాంగ్మూలంలో ఉంది."

"ఇవాళ కూడా అక్కడే పెట్టారా కారు?"

"అక్కడే. ఇక్కడినుంచి కనబడుతుంది."

నిదానం అందర్నీ బాల్కనీలోకి తీసుకెళ్ళింది. కింద నీలం కారు, మలుపులో గోడ పక్కన మేనల్లుడి తెల్ల కారు. దాని పక్కద్దాలు ముడుచుకుని ఉన్నాయి. మాస్టారు తన పిట్టగోడ దగ్గర చోటు వదల్లేదు. ఈసారి ఆయన భార్య కూడా పక్కన చేరింది.

"చిటికె గారూ, నీలం కారు ఇంకోసారి తెరవండి."

"పొద్దుటినుంచీ అదే పని చేస్తున్నాను కదా," అని ఆయన నొక్కాడు. కారు పలకలేదు. మళ్ళీ నొక్కాడు. చెయ్యి బాగా చాచి నొక్కాడు. రిమోట్‌ను అరచేతిలో తట్టి నొక్కాడు.

"సెల్లు తిరగేసి పెట్టానేమో సార్," అన్నాడు మెకానిక్కు వెనకనుంచి. వాడి జన్మకు అంతకు మించిన సంతోషం లేదు.

"ఇప్పుడు బాబుగారి కారు. రిమోట్ ఇటివ్వండి బాబూ."

మేనల్లుడు జేబులో చెయ్యి పెట్టాడు కానీ తీయలేదు. చిటికె ఎంతైనా పోలీసు. ఆ తడబాటు ఆయన కంటపడింది. చెయ్యి చాచి రిమోట్ తీసుకుని మలుపువైపు నొక్కాడు. తెల్ల కారు శిలలా నిలబడి ఉంది. అద్దాలు కదల్లేదు.

నిదానం గుప్పిట తెరిచి చూపించింది. గుండ్రటి బటన్ మీద ఆమె బొటనవేలు అదిమి ఉంది. వేలు పైకెత్తి, "ఇప్పుడు నొక్కండి," అంది.

నీలం కారు కుయ్యిమంది. మలుపులో తెల్ల కారు అద్దాలు రెండూ మెల్లగా విచ్చుకున్నాయి.

మాస్టారు పిట్టగోడ మీదుగా ఇంకాస్త ముందుకు వంగారు.

"చవకరకం బెల్లు ఇది," అంది నిదానం. "నొక్కినంతసేపూ ఆపకుండా సిగ్నల్ పంపుతూనే ఉంటుంది. పెద్దాయన బోర్లా పడ్డప్పుడు ఇది ఆయన రొమ్ముకీ నేలకీ మధ్య నలిగింది. డాక్టరు చూసిన మచ్చ దీనిదే. ఆయన బరువు దీని మీద ఉన్నంతసేపూ ఈ చుట్టుపక్కల ఏ రిమోటూ పలకలేదు. మాస్టారి గేటు తెరుచుకున్నప్పుడు ఈ అమ్మాయి దర్జీ కొట్లో ఉంది. ఆయన మంచినీళ్ళు తాగి వచ్చేసరికి గేటు మొండికేసింది. పెద్దాయన పడింది ఆ మధ్యలోనే. అప్పుడు ఈ అమ్మాయి ఇంట్లో లేదు."

కోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇక మీ సంగతి బాబూ. అలారం మోగుతున్నప్పుడు వచ్చి రిమోట్‌తో తాళం వేశానన్నారు. ఆ సమయంలో కారు పక్కనే నిలబడి మెకానిక్కు ఎంత నొక్కినా పలకలేదు. మీకెలా పలికింది? అద్దాలు ముడుచుకున్న మాట నిజమే, అంబులెన్సు డ్రైవరు అబద్ధం చెప్పలేదు. కాబట్టి మీరు తాళం వేసింది మీ మామయ్య పడకముందు. ఆయన పడ్డప్పుడు మీరు ఇంట్లోనే ఉన్నారు."

"నేను... అంటే... కింద గదిలో సరుకు చూసుకోవడానికి..." మేనల్లుడు నీళ్ళు నమిలాడు.

"అక్కడ ఉంటే ఉండండి. తర్వాత ఈ అమ్మాయి మెకానిక్కు కోసం వీధి చివరికి వెళ్ళింది. గేటు దగ్గర ఎవరూ లేరు. పారిపోవడానికి అంతకు మించిన అదను లేదు. మీరు వదులుకుని ఉండరు. మలుపుదాకా వెళ్ళారు." నిదానం గొంతు ఏమాత్రం పెంచలేదు. "ఎన్నిసార్లు నొక్కారు బాబూ?"

మేనల్లుడు మలుపువైపు చూశాడు. విచ్చుకున్న ఆ అద్దాలను చూస్తూ చూస్తూ అతని భుజాలు జారిపోయాయి.

"లెక్కలేదు," అన్నాడు.

చిటికె ఒక్క అడుగు ముందుకేసి అతని జబ్బ పట్టుకున్నాడు.

"తొయ్యాలని తొయ్యలేదు," అన్నాడు మేనల్లుడు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతూ వచ్చాయి. "కింది గది ఖాళీ చెయ్యమన్నాడు. అక్కయ్య సొంతంగా కళ్ళజోళ్ళ కొట్టు పెట్టుకుంటుందట, ఆ గది ఆమెకిస్తాడట. నేను చిన్నప్పటినుంచీ ఈ ఇంట్లో తిరిగినవాణ్ణి. కోపం పట్టలేక ఓ తోపు తోశాను. పడ్డాడు. పడగానే వంటింట్లో ఆ బెల్లు మొదలైంది. ఆగదే! వెళ్ళి పీకి పారేశాను. చచ్చిపోయాడనుకున్నాను. వెళ్ళిపోదామంటే కారు తెరుచుకోదు. తాళంచెవితో తీద్దామా అనుకునేంతలో మెకానిక్కు వస్తున్నాడని లోపలికొచ్చేశాను. వాడు తాళంచెవితో తీస్తే ఆ కారు ఎలా గగ్గోలు పెట్టిందో విన్నాను కదా! ఇక నాది ముట్టుకోలేకపోయాను. కారు వదిలేసి పోతే రేపు అదే నన్ను పట్టిస్తుంది. అందుకే... చూసినవాణ్ణి నేనే అయిపోదామని..."

"అందుకే కేకేశారు," అంది నిదానం. "అంబులెన్సును కూడా పిలిచారు."

అంటూనే ఆమె గట్టిగా ఊపిరి పీల్చుకుంది. అప్పటిదాకా ఆమెకు కూడా ఆ సంగతి పూర్తిగా తట్టలేదు. తెల్ల కారు తెరుచుకుని ఉంటే ఇతను వెళ్ళిపోయేవాడు. నీలం కారు తెరుచుకుని ఉంటే కోడలు దుకాణానికి వెళ్ళిపోయేది. దుకాణం మూసి ఆమె ఇంటికి చేరేసరికి రాత్రి బాగా పొద్దుపోయేది. అంతసేపు నెత్తురు కారితే ఆ వయసు మనిషి దక్కేవాడు కాదు. వీధిలో మొండికేసిన రిమోట్ ఒకటి కాదు, రెండు. ఆ రెండూ మొండికేశాయి కాబట్టే ఆయన ఊపిరితో ఉన్నాడు.

ఆ మాటే కోడలితో చెప్పింది. కోడలు విన్నది, విని అక్కడే నేలమీద చతికిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. రాత్రంతా ఏడ్చిన ఏడుపు వేరు, ఇది వేరు. గుండెల మీది బరువు దిగిపోయిన మనిషి ఏడుపు ఇది. మాస్టారి భార్య పిట్టగోడ అవతలినుంచే కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ, "ఏడవనివ్వండి, ఏడవనివ్వండి," అని అందరికీ చెబుతోంది.

చిటికె మేనల్లుణ్ణి కింద కాపలా ఉన్న కానిస్టేబులుకు అప్పగించి వచ్చాడు. మెకానిక్కు ముందు ఆగాడు.

"నువ్వు సెల్లు సరిగానే పెట్టావు," అన్నాడు.

"ఆ మాట స్టేషన్లో చెబితే బాగుంటుంది సార్. అన్నది అక్కడ కదా."

"చెబుతాలే." ఆయన నిదానంవైపు తిరిగాడు. ఏదో అనబోయి, అలవాటుగా వేళ్ళు పైకెత్తి, సిగ్గుపడి దించుకున్నాడు. "నిన్ననే అరెస్టు చేసి ఉంటే జన్మలో నాకు నిద్ర పట్టేది కాదండీ. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం."

"నేనెక్కడికి పోతాను? ఎప్పుడైనా మాట్లాడుకోవచ్చు."

ఆయన జేబులో ఫోను మోగింది. తీసి చూస్తే మోగుతున్నది ఆయనది కాదు, రాత్రి కోడలి దగ్గర తీసుకున్నది. తెర మీద ఆస్పత్రి నంబరు చూసి ఆయన ముఖంలో రంగులు మారాయి. చిటికె వంగి, ఫోను కోడలి చేతిలో పెట్టాడు.

కోడలు పచ్చ గుర్తు మీద మూడుసార్లు నొక్కితే గానీ వేలు సరిగా పడలేదు.

"నర్సునండీ," అంది అవతలి గొంతు. ఫోనులోంచి అందరికీ వినబడుతోంది. "పెద్దాయన కళ్ళు తెరిచారు. గండం గడిచిందన్నారు డాక్టరుగారు. మీతో మాట్లాడందే మందు మింగనని మంకుపట్టు పట్టారు. ఎక్కువ మాట్లాడించకండి."

ఏదో గరగర చప్పుడు. తర్వాత ఎంతో దూరంనుంచి వచ్చినట్టు సన్నటి గొంతు.

"అమ్మాయ్... బెల్లు కొట్టాను. వినబడిందా?"

కోడలు కళ్ళు తుడుచుకుంది.

"వినబడింది మామయ్యా. అందుకే ఎక్కడికీ కదల్లేదు. కిందే ఉన్నాను."